గాలికుంటును ఎవరు తగ్గించారు?

అమ్రాబాద్ పొడ తూర్పు ఎడ్ల నుంచి పెబ్బేరు సంతలో అమ్ముడయ్యే గొర్రెల దాకా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల బతుకు పశువుల మీదే ఆనుకుని ఉంది. అందుకే గాలికుంటు రోగం వస్తే భయం. ఆ భయంతోనే పోచమ్మకు యాటను కోస్తారు, కొట్టంలో పసుపునీళ్లు చల్లుతారు. రెండు మూడు వారాలకు పుండ్లు మానితే అమ్మ కరుణించిందంటారు. గాలికుంటు సోకిన పెద్ద పశువుల్లో చాలావరకు మొక్కినా మొక్కకున్నా ఆ గడువులోనే కోలుకుంటాయి, ప్రాణాపాయం ఎక్కువగా దూడలకే. దానంతటది తగ్గే రోగం ఏ మొక్కునైనా గెలిపిస్తుంది. గొర్రెల చిటుక రోగమూ అంతే. తొలకరి లేతపచ్చిక ఆబగా మేసిన జీవాల పేగుల్లో బ్యాక్టీరియా పెరిగి విషం చిమ్ముతుంది. గడ్డి ముదిరేసరికి చావులు తగ్గుతాయి, నడుమ చేసిన కొలుపుకు పేరొస్తుంది. టీకాకు ఆ పేరు రాదు. రాని రోగానికి ఎవరూ మొక్కు చెల్లించరు కదా!

"టీకా వేసినా చచ్చాయి" అనే మాట కొన్నిసార్లు నిజమే. రక్షణ ఏర్పడటానికి రెండు మూడు వారాలు పడుతుంది, అప్పటికే రోగం సోకి ఉంటే టీకా ఆపలేదు. 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచకపోతే మందు పాడవుతుంది. చిటుక టీకా పారుడు రోగాన్ని (పీపీఆర్) ఆపదు. ఇవన్నీ వేళకు, సరిగ్గా వేయాలని చెప్పే కారణాలే తప్ప మానేయమని చెప్పేవి కావు. టీకాతో పాలు తగ్గుతాయన్నదీ కొన్ని రోజుల ముచ్చటే, రోగమే వస్తే ఆ ఈత పాలకే గండి పడొచ్చు. నమ్మకంతో నష్టమేమిటంటారా? జబ్బు మందను గుడి ముందు పది మందలతో కలిపితే వైరస్‌కు దారి దొరుకుతుంది.

తరతరాలు మొక్కినా పోని రిండర్‌పెస్ట్ అనే పశురోగం టీకాలతో పోయింది. మన దేశంలో చివరి కేసు 1995లో కనిపించింది, 2011లో ప్రపంచమంతటా అంతరించినట్టు ప్రకటించారు. గాలికుంటుపై 2019 నుంచి జాతీయ కార్యక్రమం ఉచితంగా టీకాలు ఇస్తోంది. బోనం ఎత్తుకునేవారు ఎత్తుకోండి. తొలకరికి ముందే చిటుక టీకా, ఆర్నెల్లకోసారి గాలికుంటు టీకా మాత్రం తప్పకుండా వేయించండి. మీ పశువైద్యశాలలో ఫ్రిజ్ పనిచేస్తోందా అని గ్రామసభలో గట్టిగా అడగండి.