కొలిచిన పిమ్మటే మార్చాలి

ఉన్నత విద్యకై అమెరికా చేరిన మన విద్యార్థులలో పలువురు మొదట కొనేది పాత కారే. చలికాలపు ఉదయాన అది కదలకపోతే వెంటనే 100 డాలర్లకు పైగా వెచ్చించి కొత్త బ్యాటరీ వేయించడం పరిపాటి. రోగనిర్ణయం లేకుండా మందు మింగడం వంటిదే ఇదని నా అభిప్రాయం.

ఇంజనును తిప్పే క్షణంలో స్టార్టరు మోటారు సుమారు 150 ఆంపియర్ల విద్యుత్తును తీసుకుంటుంది. తీగ కొసన పట్టిన చిలుము 0.01 ఓము నిరోధం కలిగించినా, ఓమ్ సూత్రం ప్రకారం 1.5 వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. సామాన్యమైన మీటరు అంత స్వల్ప నిరోధాన్ని నేరుగా చూపలేదు. విద్యుత్తు ప్రవహించనప్పుడు వోల్టేజి పతనమూ ఉండదు. కనుక మోటారు తిరిగేటప్పుడే కొలవాలి.

గేరును పార్కులో ఉంచి, మీటరును డి.సి. వోల్టులకు తిప్పి, ఒక మొనను బ్యాటరీ ఋణధ్రువంపైన, రెండవదానిని ఇంజను లోహంపైన ఆనించి, మరొకరిని తాళం తిప్పమనండి. 0.2 వోల్టుల లోపు చూపితే ఆ మార్గం మంచిదే. 0.5 దాటితే అతుకులను విప్పి, గీకి, శుభ్రపరచి, బిగించాలి. ధనధ్రువం నుండి స్టార్టరు వరకు కూడా ఇదే పరీక్ష. రెండు మార్గాలూ సవ్యంగా ఉంటేనే బ్యాటరీని అనుమానించాలి.

కొత్త బ్యాటరీతో ఒక్కొక్కసారి గుణం కనిపించే మాట నిజమే. దానిని బిగించేటప్పుడు మెకానిక్కు తీగ కొసలను శుభ్రపరుస్తాడు. కీర్తి మాత్రం బ్యాటరీకి దక్కుతుంది. చిలుము ఇంజను వైపు కొసన ఉంటే ఆ గుణమూ కనబడదు.

మీటరు వెల 20 డాలర్లకు మించదు. పిల్లల చేతికి కారు తాళం ఇచ్చిననాడే దానినీ ఇచ్చి, వాడకం నేర్పడం తల్లిదండ్రులకు ఉచితం.