పప్పుకు శాలువా, బెల్లానికి సున్నా

నాయకుడి పుట్టినరోజు వస్తే చాలు, మన కళాభిమానం కట్టలు తెంచుకుంటుంది. కందిపప్పు, మినుములు, పెసలు, ఆవాలు నేలమీద పోసి, పూటంతా నడుం వంచి, ఎమ్మెల్యే గారి మీసాలను మినుములతో, చెంపలను కందిపప్పుతో దిద్దిన కుర్రాడి ఫొటో తెల్లారేసరికి జిల్లా పేజీలో ఉంటుంది. 'వినూత్న రీతిలో అభిమానం' అని పైన శీర్షిక. సాయంత్రానికి భుజం మీద శాలువా. రావి ఆకు మీద మంత్రి, సబ్బుబిళ్ల మీద ముఖ్యమంత్రి, బియ్యపు గింజ మీద ఇంకెవరో. కామారెడ్డి, ఎల్లారెడ్డి చుట్టుపక్కల 'ప్రయోగం' అన్న మాటకు ఇవాళ ఉన్న అర్థం ఇదే. సామాను ఏదైనా కావచ్చు, ముఖం మాత్రం కుర్చీలో ఉన్నవాడిదే అయి ఉండాలి.

ఆ కుర్రాళ్ల మీద నాకు కోపం లేదు. ఆ వేళ్లలో ఉన్న ఓపికను చూస్తే ముచ్చటేస్తుంది, ఏడుపూ వస్తుంది. నా కోపం శాలువా కప్పేవాడి మీద, ఆ ఫొటో అచ్చేసేవాడి మీద, చూసి 'అబ్బ, ఏం టాలెంటు' అనే మీ మీద. అవును, మీ మీదే. ఒక్క ప్రశ్న అడుగుతాను, జవాబు చెప్పండి. ఆ కందిపప్పు తీసేసి అక్కడ ఉప్మారవ్వ పోస్తే ఆ బొమ్మలో ఏం మారుతుంది? ఏమీ మారదు. అంటే ఆ పప్పు అక్కడ పప్పుగా లేదు. అది ఎక్కడ పండింది, ఎవరు కోశారు, ఏ ధరకు అమ్ముకున్నారు, అదేదీ ఆ బొమ్మకు పట్టదు. పప్పు రంగుడబ్బా పని చేసింది, అంతే. భజనకు కొత్త తాళం దొరికింది.

నాది ఎల్లారెడ్డి వైపు. ఫైన్ ఆర్ట్స్ చదవాలంటే అప్పుడూ ఇప్పుడూ కామారెడ్డిలో రైలెక్కి హైదరాబాదు పోవాల్సిందే. ఆ చదువు రోజుల్లో ఒకసారి ఇంటినుంచి సంచిలో ఇంత బెల్లం మోసుకుపోయాను. ఒకప్పుడు బెల్లం బజారుకు పేరుమోసిన ఊరు కామారెడ్డి. దానికోసం వెతుక్కునే పనే లేదు. కరిగించి, గిన్నె అడుగున ఇంత సున్నం వేసి కలిపి, చెరుకు కొట్టే మనిషి అరచెయ్యి నుంచి తీసిన అచ్చులో పోశాను. వానాకాలం. రెండో రోజుకే ఆ చేతికి చెమట పట్టింది. మూడో రోజుకు వేళ్ల సందుల్లోంచి నల్లటి పాకం జారి బల్లమీద మడుగు కట్టింది. బొటనవేలి కొసనుంచి మణికట్టు దాకా చీమలు బారులు తీరాయి. చిటికెనవేలు మెత్తబడి, వంగి, తెగిపడింది. సరిగ్గా అదే నాకు కావాల్సింది. చెరుకు నరికిన చెయ్యి ఎవరికి మేతైందో మాటల్లో చెప్పకుండా, అందరి కళ్లముందు రోజుకింత జరగాలి.

మా సారు వచ్చి, ముక్కుకు రుమాలు అడ్డంపెట్టుకొని, 'గిది బొమ్మనా, చీమల దావతా?' అన్నారు. క్లాసంతా పగలబడి నవ్వింది. మార్కుల కాగితం మీద సున్నా, పక్కన 'శుభ్రత లేదు' అని ఒక ముక్క. చీమలు పట్టని సామానుతో చేసుకు రమ్మని ఉచిత సలహా.

శుభ్రత! బెల్లం కళకు పనికిరాని అంటు సరుకని ఎవరు చెప్పారు వీళ్లకు? సిమెంటు రాకముందు మన మేస్త్రీలు గానుగ సున్నంలో బెల్లపు నీళ్లు, కరక్కాయ రసం కలిపి గోడలు లేపారు. కామారెడ్డి పక్కనే దోమకొండ గడి ఉంది. దాన్ని పాత సున్నపు పద్ధతులతోనే బాగుచేస్తే 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది. గోడకు పురస్కారం వచ్చిందని పొంగిపోయినవాళ్లే, ఆ గోడ కట్టిన తెలివిని ఒక విద్యార్థి బల్లమీదికి తెస్తే రుమాలు అడ్డంపెట్టుకుంటారు. రాజుల గడిలో అయితే వారసత్వం, రైతు కొడుకు చేతిలో అయితే చీమల దావత్.

ఇంకా ఉంది, వినండి. 2014లో న్యూయార్క్‌లో, బ్రూక్లిన్‌లోని డొమినో చక్కెర కార్ఖానాను పడగొట్టబోయే ముందు, కారా వాకర్ అనే నల్లజాతి కళాకారిణి ఆ పాత షెడ్డులో బ్రహ్మాండమైన స్ఫింక్స్ బొమ్మ పెట్టింది. నురుగు దిమ్మెల మీద తెల్ల చక్కెర పూసిన నల్లజాతి స్త్రీ ముఖం. చుట్టూ పాకం రంగు పిల్లల బొమ్మలు. ఎండకు వాటిలో కొన్ని కరిగి, కూలి, నేలమీద బంకగా పారాయి. బానిసల చెమటతో పండిన చక్కెర చరిత్ర అది. లోకం బారులు తీరి చూసింది. ఇవాళ ఆ బొమ్మ ఫొటోనే మన దగ్గర సార్లు తెరమీద వేసి, గొంతు తగ్గించి, భక్తిగా 'మెటీరియల్ ఎట్లా మాట్లాడుతుందో చూడండి' అని చెబుతున్నారు. బ్రూక్లిన్‌లో కరిగితే కళ. కామారెడ్డి బెల్లం కరిగితే కంపు.

మరి బోధన్ ఎక్కడుంది? గంటన్నర ప్రయాణం. 1937లో మొదలైన నిజాం చక్కెర ఫ్యాక్టరీ, శక్కర్‌నగర్, ఒక తరం మొత్తాన్ని చెరుకువైపు తిప్పిన కార్ఖానా, 2015 డిసెంబరులో మూతపడింది. వేల కుటుంబాల నోటి దగ్గరి ముద్ద. దానిమీద చక్కెరతోనో, తుప్పుపట్టిన రేకుతోనో, చెరుకు పిప్పితోనో ఒక పని చేయమని ఏ మాస్టరు ఏ విద్యార్థికి చెప్పాడు? చెప్పడు. ఎందుకంటే అక్కడ చక్కెర నిజంగా మాట్లాడుతుంది. ఎవరో ఒకరి పేరు కూడా చెబుతుంది.

ఇప్పుడు మీరు అనబోయేది నాకు తెలుసు. 'ముందు డ్రాయింగ్ నేర్చుకోవాలయ్యా, తర్వాత వేషాలు.' సరే. గీత రానివాడి తరఫున నేను వకాల్తా పుచ్చుకోను. కానీ మీ డ్రాయింగ్ అంటే ఏమిటో చెప్పండి. లోయర్, హయ్యర్ పరీక్షలకు కూర్చున్న ప్రతివాడికీ తెలుసు: రెండువైపులా సమానంగా ఉండే కూజా, దానికో నీడ, మూలన ఒక లత. ఆ కూజా మట్టిది. గీసినవాడు మట్టి ముట్టడు. నిజాంపూర్ అనే మెదక్ జిల్లా ఊరినుంచి వచ్చిన లక్ష్మా గౌడ్ గీతకు ఈ దేశంలో సాటి ఎంతమంది? ఆ మనిషి గీత దగ్గరే ఆగాడా? హైదరాబాదులో చదివి, 1963లో బరోడా వెళ్లి, కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర మ్యూరల్, ప్రింట్‌మేకింగ్ పట్టి, ఆమ్లంలో లోహపు రేకు నానబెట్టి, తర్వాత టెర్రకోటలోకి, కంచులోకి దిగాడు. దిగి తెచ్చింది ఏమిటి? తన ఊరి మేకలు, తన ఊరి ఆడామగా. సూర్యాపేటలో పుట్టిన రవీందర్ రెడ్డి, మన అమ్మవారి గుడి ముందు నిలబడాల్సిన ముఖాలను పడవలకూ కార్లకూ వాడే ఫైబర్‌గ్లాస్‌తో పోతపోశాడు. శాంతినికేతన్‌లో రాంకింకర్ బైజ్ 1938లో రాయికీ కంచుకూ డబ్బులేక, సిమెంటులో ఎర్ర కంకర కలిపి సంతాల్ కుటుంబాన్ని నిలబెట్టాడు. వీళ్లెవరికైనా డ్రాయింగ్ రాదని అనండి చూద్దాం.

చేతిలో ఏదుంటే దాన్ని అడిగి పని చేయించుకోవడం మనకు పడమటినుంచి దిగుమతి అయిన ఫ్యాషన్ కాదు. చేర్యాల పటాలు గీసే నకాషీల ఇంటికి పోయి చూడండి. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికించి, వడకట్టి, ఆ బంకలో సుద్దమట్టి కలిపి ఖాదీ గుడ్డ మీద పూతమీద పూత ఎక్కిస్తారు. ముసుగు బొమ్మలకైతే రంపపు పొట్టులో అదే చింతగింజల అంబలి. పారేసే గింజ, పారేసే పొట్టు, అరిగిపోయే గుడ్డ. ఆ మూడింటితో కులపురాణాలకు కులపురాణాలే నిలబెట్టినవాళ్లను ఒక సెమిస్టరులో 'క్రాఫ్ట్' అని ఒక పాఠంలో సర్దేసి, పేజీ తిప్పగానే 'అసాధారణ మాధ్యమాలు' అని డ్యూషాంప్ మూత్రపు తొట్టితో మొదలుపెడతారు. 1917లో ఆ తొట్టి వచ్చేదాకా ప్రపంచంలో ఎవరూ ఏ వింత సామానూ ముట్టనట్టు!

మట్టి సంగతీ అంతే. నిజాంసాగర్ 1931కి పూర్తయింది. దాదాపు 30 టీఎంసీలు నిలవాల్సిన చోట మంజీర తెచ్చిన ఒండ్రు పేరుకొని, నిల్వ 12 దగ్గరికి పడిపోయింది. తర్వాత గేట్ల ఎత్తు పెంచి 17.8 చేశారు. పైనున్న చేలన్నీ కోసుకొచ్చిన నల్లమట్టి, వరదవరదకూ ఒక పొర, మన గుమ్మంలో పడి ఉంది. శిల్పం చదివే పిల్లలకు మాత్రం దుకాణం నుంచి బస్తాల్లో మట్టి కొనిపెడతాం. ఎండితే పగులుతుందట నల్లమట్టి. పగలనీ! ఆ పగులే కదా మన ఎండాకాలపు చేను. దాన్ని పుట్టీ పెట్టి పూడ్చమనే మాస్టరుకు మట్టీ తెలియదు, ఎండాకాలమూ తెలియదు.

అసలు గుట్టు ఇక్కడ విప్పుతాను. 'ఇది పనికొచ్చే సామాను, ఇది కాదు' అని తేల్చేది కళ కాదు. ఆ సామాను ఎవరి చేతి వాసన వేస్తుందో అది తేలుస్తుంది. తంగేడునే తీసుకోండి. 2014 తర్వాత అది రాష్ట్ర పుష్పం. బతుకమ్మలో గునుగు పక్కన దానికే పెద్దపీట. మన అమ్మలు, అక్కలు తాంబాళంలో వరసమీద వరస పేర్చి, గునుగుకు రంగులద్ది, ఆడి, చెరువులో వదిలేస్తారు. దాచుకోరు, అమ్ముకోరు. ఆ పని ఇంకెక్కడైనా జరిగితే 'ఇన్‌స్టలేషన్' అని టికెట్టు పెడతారు. పూవు వరకూ అందరికీ ఇష్టమే. అదే తంగేడు బెరడుతో తోళ్లు పదునుపెడతారు. మాదిగవాడలో లందలో నానేది ఆ చెట్టే. పూవు పీటమీద, బెరడు వాడ అవతల. ఒక మాదిగ విద్యార్థి ఆ బెరడు రసంలో ముంచిన మేకతోలును మీ తెల్లగోడకు వేలాడదీస్తే ఎంతసేపు నిలబడి చూస్తారు? 'స్మెల్ వస్తోంది, బయట పెట్టు' అనకుండా ఎంతసేపు? కళాకారిణి షీలా గౌడ 1990ల మొదట్లో రంగులు పక్కనపెట్టి ఆవుపేడ పట్టుకుంటే ఆ పనులను ప్రపంచ మ్యూజియాలు కొన్నాయి. అది భద్రావతి నుంచి, పొరుగు కర్ణాటక నుంచి వచ్చిన ధైర్యం. మన గోడలకు ఆ పేడ సంక్రాంతి గొబ్బెమ్మ దాకానే.

ఎల్లారెడ్డిలో ఏ వాకిలి ముందు ఆగినా బీడీల చాట కనబడుతుంది. ముందు రాత్రి తడిపిన తునికాకును రేకు కొలత పెట్టి కత్తెరతో కత్తిరిస్తారు. ఆకు మధ్య ముక్క బీడీకి పోతుంది. చుట్టూ మిగిలే తుంపులు చీపురు కిందికి. ఆ తుంపులకు కత్తెర వదిలిన అంచు ఉంటుంది, అన్నీ ఒకే కోత, ఎందుకంటే రేకు ఒకటే. ఆ తుంపులను అదే బీడీల దారంతో కుట్టి, ఒక ఆడమనిషి ఎత్తున చీర కట్టిన పని మన దగ్గర ఏ గ్యాలరీలో చూశారు? శిల్పి మృణాళినీ ముఖర్జీ జనుపతాళ్లు ముడేసి దేవతలను చేస్తే నోరెళ్లబెట్టిన పెద్దలు, తునికాకు పేరెత్తితే 'పొలిటికల్ చేస్తున్నావు' అంటారు. కాదా మరి? అది మొదటినుంచీ పొలిటికలే.

ఇక రెండో రకం దొంగలు. పప్పుభజన బ్యాచ్‌ను చూసి వెక్కిరించే నగరపు కుర్రకారు. పగిలిన కమోడు, నాలుగు ప్లాస్టిక్ సీసాలు, ఒక ఎర్రబల్బు. పక్కన గోడకు ఒక పేజీ ఇంగ్లీషు. ఆ పేజీ చింపేస్తే బొమ్మ చచ్చిపోతుంది. సీసాను తాకలేదు, కాల్చలేదు, కోయలేదు, అది ఎక్కడ వంగుతుందో ఎక్కడ విరుగుతుందో తెలియదు. ఫోనులో చూశాడు, తెచ్చి పెట్టాడు. పప్పువాడు ఎమ్మెల్యేకు మొక్కితే వీడు క్యురేటరుకు మొక్కుతాడు. నిజానికి పప్పువాడే నయం; కనీసం వాడికి నడుం నొప్పి వస్తుంది.

విద్యార్థీ, నీతో ఒక మాట. సామాను వింతగా ఉందా లేదా అని చూడకు. దాన్ని తీసేసి ఇంకోటి పెడితే నీ పని కూలిపోతుందా? కూలితేనే అది నీది. బెల్లం చెమట పడుతుంది కాబట్టి బెల్లం. తునికాకు ఎండితే పెళుసవుతుంది కాబట్టి తునికాకు. 'తిండి వృథా చేస్తున్నావు' అని నీతులు చెబుతూ వచ్చే పెద్దమనిషిని, మొన్న కటౌటుకు ఎన్ని బిందెల పాలు పోశాడో అడుగు.

ఇక శాలువా పెద్దలతో ఒక పందెం. 2023లో కామారెడ్డి సీటుకు అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్, ఆ వెంటనే ముఖ్యమంత్రి అయిన రేవంత్ రెడ్డి ఇద్దరూ నిలబడ్డారు. ఇద్దరూ ఓడారు. కాటిపల్లి వెంకటరమణారెడ్డి గెలిచారు. ఫ్లెక్సీలకు మాత్రం గెలుపోటములు లేవు. ఏ ఎన్నిక అయిపోయినా అవి గడ్డివాముల మీదికి, బర్రెల కొట్టాల మీదికి, వడ్ల కుప్పల మీదికి ఎక్కుతాయి. ఒక అమ్మాయి ఆ ఫ్లెక్సీలను బెత్తెడు పట్టీలుగా కోసి, నిలువుకు ఒక పార్టీ, అడ్డానికి ఇంకో పార్టీ వేసి, పెద్ద చాప అల్లిందనుకోండి. ఒక నవ్వు దగ్గర ఇంకొకరి కన్ను, ఒక నమస్కారం చివర ఇంకొకరి గుర్తు. తీసుకుపోయి మార్కెట్ యార్డులో పరిచి, దానిమీద తడిసిన వడ్లు ఆరబోసింది. సామాను కొత్తదే. ముఖాలు మీకు నచ్చినవే, అందరివీ ఉన్నాయి. రండి, శాలువా కప్పండి.

కప్పరు. ముందు ఠాణాకు ఫోను చేస్తారు. చేయండి. పంచనామాలో స్వాధీనం చేసుకున్న వస్తువు ఏమిటో రాయాలి కదా. ఎవరి ముఖం ఎన్ని పట్టీలయిందో, ఎవరి పక్కన ఎవరిని అల్లారో, పైన తడిసిన వడ్లు ఎన్ని బస్తాలో, అవి ఎన్ని రోజులుగా కాంటా కాకుండా పడి ఉన్నాయో, వరసగా రాయించండి. ఆ కాగితం ఫ్రేము కట్టించే ఖర్చు నాది.