పగటి నీడ ఎక్కడ?

ఇల్లు లేని మనిషి అనగానే మన కళ్ళ ముందు రాత్రి దృశ్యమే మెదులుతుంది. బస్టాండులోని సిమెంటు బెంచీ, మూసివేసిన దుకాణపు అరుగు, చలికి ముడుచుకొని పడుకున్న ఒక దేహం. జాలి గుండె ఉన్నవారు ఒక దుప్పటి కప్పి వెళతారు. అది పుణ్యకార్యమే, సందేహం లేదు. అయితే ఆ మనిషికి అసలు కష్టం తెల్లవారిన తరువాత మొదలవుతుంది.

దుకాణదారుడు వచ్చి షట్టరు ఎత్తగానే అతడు లేచి పోవాలి. ముఖం కడుక్కునేందుకు చోటు లేదు. చేతిలోని మూటను ఎక్కడైనా పెడితే మాయమవుతుంది. చంకన పెట్టుకొని తిరిగితే కూలి అడ్డా మీద మేస్త్రీ అతని వైపు చూడడు. 'ఏ ఊరు? ఎక్కడ ఉంటావు?' అన్న మొదటి ప్రశ్నకే సమాధానం ఉండదు. చిరునామా లేనిదే గుర్తింపు కార్డు లేదు. కార్డు లేనిదే బ్యాంకు ఖాతా, రేషను, పింఛను ఏదీ అందదు. సాయంత్రానికి అతడు మళ్ళీ అదే అరుగు మీదికి చేరుకుంటాడు. ఇలా ఒక సంవత్సరం గడిస్తే అతడు మన కంటికి 'భిక్షగాడు' అయిపోతాడు. నిన్నటి దాకా అతడు ఒక కార్మికుడు, ఒక తండ్రి, ఒక ఇంటి పెద్ద అన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఈ పగటి కష్టానికి సమాధానంగా ఏర్పడినదే పగటి ఆశ్రయం. ఈ నెల దాని గురించి మన పాఠకులతో ముచ్చటించాలని భావిస్తున్నాము.

మన పట్టణాల సంగతి

ఇది మహానగరాల సమస్య అని కొందరు అనుకుంటారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలలో నివసించే మనకు ఆ మాట చెల్లదు. సిరిసిల్ల మరమగ్గాల ఊరు. మగ్గం ఆగితే కూలి ఆగుతుంది. కూలి ఆగితే రెండు మూడు నెలలకు అద్దె గది పోతుంది. బతుకుదెరువు వెతుక్కుంటూ ఇక్కడినుండి భీవండికి, షోలాపూర్‌కు, సూరత్‌కు వెళ్ళినవారి కథలు ప్రతి వాడలోనూ ఉన్నాయి. జగిత్యాల, కోరుట్ల ప్రాంతం గల్ఫ్ వలసలకు పేరు పొందినది. అప్పు చేసి వెళ్ళి, అప్పుతోనే తిరిగి వచ్చి, ఇంటి గడప తొక్కడానికి ముఖం చెల్లక ఊరూరా తిరిగే మనిషి మనకు కొత్త కాదు. బీడీలు చుట్టి సంసారాన్ని లాగిన స్త్రీ ముసలితనంలో ఏ కొడుకు ఇంటిలోనూ ఇమడలేక వీధిన పడటం కూడా మనం చూస్తున్నదే.

దీనికి తోడు ధర్మపురి, కొండగట్టు, వేములవాడ వంటి యాత్రాస్థలాలు మనకు చేరువలోనే ఉన్నాయి. జనం ఎక్కువగా వచ్చిపోయే చోటుకే దిక్కులేనివారు కూడా చేరుకుంటారు. మన మస్జిదుల మెట్ల వద్ద, దర్గాల ఆవరణలలో కనిపించేవారూ వీరే.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో ఇల్లు లేనివారు 17.7 లక్షల మంది. వారిలో 9.38 లక్షల మంది పట్టణాలలోనే ఉన్నారు. ఒక్కచోట నిలువని మనిషిని లెక్కించడం ఎంత కష్టమో ఆలోచించేవారికి ఈ అంకె అసలు కంటే తక్కువేనని అర్థమవుతుంది.

న్యాయస్థానం చెప్పిన మాట

2010 జనవరిలో ఢిల్లీలో చలి మరణాల నేపథ్యంలో సుప్రీంకోర్టు నిరాశ్రయుల విషయాన్ని చేపట్టింది. ఆహార హక్కు కేసులో భాగంగానే ఈ విచారణ జరిగింది. ఆకలి, ఆశ్రయం ఒకదానినొకటి విడిచి ఉండవని దీని భావం. అటుపిమ్మట 2013లో జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ ప్రారంభమైనప్పుడు నిరాశ్రయుల వసతి గృహాల పథకం అందులో ఒక భాగమైంది. లక్ష జనాభాకు కనీసం వంద మందికి శాశ్వత వసతి ఉండాలనీ, ఒక్కొక్క మనిషికి కనీసం 50 చదరపు అడుగుల స్థలం ఇవ్వాలనీ దాని మార్గదర్శకాలు చెప్పాయి. వీటిలో మన చర్చకు ముఖ్యమైన మాట మరొకటి ఉంది: ఈ గృహాలు ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండాలి. అంటే రాత్రి పడుకోనిచ్చి ఉదయం తలుపు మూసివేయరాదు. రాత్రంతా మార్కెట్లో మూటలు మోసిన హమాలీ, పెళ్ళి వంటలలో గిన్నెలు కడిగిన కూలి, కాపలా కాసిన ముసలివాడు నిద్రపోవలసింది పగలే కదా!

పగటి ఆశ్రయం చేసే పని

మంచి పగటి ఆశ్రయంలో పనులన్నీ ఒక వరుసలో సాగుతాయి.

మొదటిది శుభ్రత. స్నానానికి నీళ్ళు, బట్టలు ఉతుక్కునే తావు, మూట దాచుకునేందుకు తాళం ఉన్న పెట్టె. చూడటానికి చిన్న విషయాలే. కాని గడ్డం గీసుకొని ఉతికిన చొక్కా వేసుకున్న మనిషిని మేస్త్రీ పనికి పిలుస్తాడు. నమాజుకు ముందు వుజూ ఎందుకు విధిగా ఉందో తెలిసిన మనకు, దేహశుద్ధి మనిషి మనసులో ఎంతటి గౌరవభావాన్ని నింపుతుందో వివరించనవసరం లేదు.

రెండవది చిరునామా. ఆశ్రయం నిర్వాహకులు అతని తరఫున నిలబడితే ఆధార్‌కు దారి ఏర్పడుతుంది. ఓటు హక్కు విషయంలో ఎన్నికల సంఘం ఒక చక్కని ఏర్పాటు చేసింది. ఇల్లు లేనివారు ఫారం 6లో తాము నిద్రించే చోటును పేర్కొంటే చాలు. బూత్ స్థాయి అధికారి రాత్రివేళ స్వయంగా వెళ్ళి, ఆ మనిషి నిజంగా అక్కడ పడుకుంటున్నాడా అని చూస్తాడు. నివాసానికి వేరే పత్రం అక్కరలేదు. కార్డు చేతికి వస్తే బ్యాంకు ఖాతా, ఖాతా తెరుచుకుంటే అర్హులకు పింఛను అడిగే వీలు కలుగుతాయి. ఇన్ని కార్యాలయాల మెట్లు ఎక్కడానికి అతనికి తోడు వచ్చే ఒక మనిషి కావాలి. ఆశ్రయంలో పనిచేసే కార్యకర్త ఆ తోడు.

మూడవది ఆరోగ్యం, ముఖ్యంగా మనసు ఆరోగ్యం. వీధిలో తనలో తాను మాట్లాడుకుంటూ తిరిగే మనిషిని మనం 'పిచ్చివాడు' అని పక్కకు తప్పుకుంటాము. కొందరు 'మజ్జూబ్' అని ఊదించుకోవడానికి వెళతారు. రెండూ అతని రోగాన్ని నయం చేయవు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ ప్రకారం అటువంటి దిక్కులేని మనిషిని రక్షణలోకి తీసుకొని, 24 గంటలలోపు ప్రభుత్వ వైద్యశాలకు చేర్చే బాధ్యత పోలీసులది. అతనిని లాకప్‌లో ఉంచకూడదు.

చికిత్స అందితే ఏమి జరుగుతుందో చెప్పే ఉదాహరణలు మన దేశంలోనే ఉన్నాయి. చెన్నైలో 1993లో వందనా గోపీకుమార్, వైష్ణవీ జయకుమార్ అనే ఇద్దరు యువతులు స్థాపించిన 'బన్యన్' సంస్థ, వీధిన పడిన మానసిక రోగులైన స్త్రీలకు నీడనిచ్చి ఎందరినో తిరిగి కుటుంబాలకు చేర్చింది. మహారాష్ట్రలో శ్రద్ధా పునరావాస సంస్థ ద్వారా ఇదే సేవ చేస్తున్న డాక్టర్ భరత్ వాట్వానీకి 2018లో మెగసెసే పురస్కారం లభించింది. మందులు వాడిన కొన్ని వారాలకు రోగి తన ఊరి పేరు చెబుతాడు. కార్యకర్త అతనిని వెంటబెట్టుకొని రైలెక్కి ఆ ఊరికి వెళతాడు. చనిపోయాడని ఏళ్ళ క్రితమే ఏడ్చి ఊరుకున్న తల్లి ముందు ఆ బిడ్డ నిలబడతాడు! ఢిల్లీలో జామా మస్జిద్ పరిసరాలలో నిరాశ్రయుల కోసం వీధిలోనే మానసిక వైద్యశాల నడిచింది. మస్జిద్ నీడన జరిగిన ఈ పని మనకు ఆదర్శం కావాలి.

నాలుగవది పని, ఐదవది కుటుంబం. అందరికీ కుటుంబం తిరిగి దొరకదు. కొన్ని ఇళ్ళు తిరిగి వెళ్ళదగినవి కూడా కావు. దెబ్బలు తట్టుకోలేక బయటికి వచ్చిన స్త్రీని 'సర్దుకుపో' అని అదే ఇంటికి పంపితే అది సేవ అనిపించుకోదు. స్త్రీలకు వేరుగా గది, వేరుగా స్నానపు తావు, స్త్రీ కార్యకర్త లేని ఆశ్రయం వారికి ఆశ్రయం కాదు.

గొడ్డలి ఇచ్చిన పాఠం

దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) సన్నిధికి ఒక అన్సారీ సహాయం కోరి వచ్చిన వృత్తాంతం అబూ దావూద్ గ్రంథంలో ఉంది. ఇంటిలో ఏమైనా ఉందా అని ప్రవక్త (సఅసం) అతనిని అడిగారు. ఒక మందపాటి గుడ్డ, ఒక నీళ్ళ పాత్ర ఉన్నాయన్నాడు. వాటిని తెప్పించి, తామే వేలం వేసి రెండు దిర్హములకు అమ్మారు. ఒక దిర్హముతో ఇంటికి ఆహారం, మరొక దిర్హముతో గొడ్డలి కొనమన్నారు. ఆ గొడ్డలికి తమ చేతులతో పిడి బిగించి, కట్టెలు కొట్టి అమ్ముకొమ్మనీ, పదిహేను రోజుల వరకు తమకు కనిపించవద్దనీ చెప్పారు. గడువు ముగిసి వచ్చేసరికి అతని చేతిలో పది దిర్హములు ఉన్నాయి.

ఈ వృత్తాంతాన్ని 'అడుక్కోవడం తప్పు' అని బోధించడానికి మాత్రమే మనం వాడుకుంటున్నాము. అది సగం పాఠమే. ప్రవక్త (సఅసం) ఆ మనిషిని మందలించి పంపివేయలేదు. అతని వద్ద ఏముందో విచారించారు, మొదట ఇంటివారి ఆకలి తీర్చారు, పనిముట్టు సమకూర్చారు, గడువు పెట్టి తిరిగి పిలిచారు. ఆ రోజు అతనికి సమయం కేటాయించారు! మంచి పగటి ఆశ్రయం నేడు చేస్తున్నది సరిగ్గా ఈ నాలుగు పనులే. మస్జిదె నబవీలోని సుఫ్ఫా అరుగు కూడా ఇల్లూ వాకిలీ లేని సహాబీలకు నీడ. హజ్రత్ అబూ హురైరా (రజి) వంటి విద్యావంతుడు అక్కడ ఆకలితో గడిపినవారే. ఇల్లు లేనివాడు పనికిరానివాడని అనుకునేవారు ఈ ఒక్క పేరును గుర్తుంచుకుంటే చాలు.

పట్టుకుపోవడం వేరు, పిలవడం వేరు

2017 నవంబరులో హైదరాబాద్‌లో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సుకు ముందు నగరంలో భిక్షాటనను నిషేధించి, వీధులలోని వారిని తరలించారు. చంచల్‌గూడ జైలు ఆవరణలోని ఆనందాశ్రమం అందులో ఒక చోటు. అక్కడ భోజనం, మంచం ఉండవచ్చు. కాని తన ఇష్టంతో రానివాడు తలుపు తెరుచుకోగానే వెళ్ళిపోతాడు. పగటి ఆశ్రయానికి గేటు కాపలా అక్కరలేదు. ఈరోజు టీ తాగి వెళ్ళినవాడు రేపు స్నానం చేస్తాడు, వారం తరువాత తన పేరు చెబుతాడు. నమ్మకం కుదరడానికి పట్టే కాలాన్ని ఎవరూ తగ్గించలేరు.

వీరిలో తాగేవారు ఉన్నారు, దొంగతనాలు జరుగుతాయి అని కొందరు ఆక్షేపిస్తారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. అందుకే నియమాలు ఉండాలి, బాధ్యుడైన మనిషి ఎల్లవేళలా ఉండాలి. అయితే జ్వరం ఉన్నదని రోగిని వైద్యశాల గుమ్మం నుండి వెనక్కి పంపుతామా?

మన చేతిలోని పని

మన పూర్వీకులు బాటసారికి నీడ కల్పించడాన్ని పాలకుల ధర్మంగా భావించారు. షేక్‌పేటలోని కుతుబ్‌షాహీల కాలపు సరాయి, నాంపల్లి రైల్వే స్టేషన్ చెంతనున్న నిజాం కాలపు సరాయి నేటికీ సాక్ష్యం. అటువంటి కట్టడం కట్టే స్తోమత మనకు లేకపోవచ్చు. ఒక షాదీఖానా పెళ్ళిళ్ళు లేని రోజులలో ఖాళీగానే ఉంటుంది. ఒక వక్ఫ్ మడిగె అద్దెకు పోక మూతపడి ఉంటుంది. రెండు గదులు, నాలుగు కుళాయిలు, పది తాళపు పెట్టెలు, జీతమిచ్చి నియమించిన ఒక కార్యకర్త ఉంటే పని మొదలవుతుంది.

ఇక్కడ ధార్మిక నియమాన్ని స్పష్టం చేయడం అవసరం. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం జకాత్ సొమ్మును అర్హుడైన వ్యక్తికి సొంతం చేయాలి. కట్టడాలకు, జీతాలకు దానిని ఖర్చు చేయరాదు. కనుక గదులు, నీళ్ళు, కార్యకర్త జీతం ఐచ్ఛిక దానాల నుండి, వక్ఫ్ ఆదాయం నుండి రావాలి. జకాత్‌తో అర్హుడైన మనిషికి 'గొడ్డలి' కొనివ్వాలి: కుట్టు మిషను, తోపుడుబండి, తాపీ సామాను. ఇంటివద్ద ఆస్తి ఉన్నా దారిలో చిక్కుబడిన బాటసారి, తీర్చలేని అప్పులో మునిగినవాడు కూడా జకాత్‌కు అర్హులేనని దివ్య ఖుర్ఆన్ తౌబా సూరా 60వ ఆయతు తెలియజేస్తున్నది. ఐచ్ఛిక దానానికి మతభేదం లేదు. ఇంటింటా అడుక్కుంటున్న ఒక యూద వృద్ధుని హజ్రత్ ఉమర్ (రజి) చేయి పట్టుకొని తీసుకువెళ్ళి బైతుల్ మాల్ నుండి భృతి ఏర్పాటు చేసిన సంగతి ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) గ్రంథస్థం చేశారు. మన ఆశ్రయం గుమ్మం వద్ద ఎవరి పేరు ఏమిటని అడగకూడదు.

సొంతంగా ఏదీ చేయలేనివారు కూడా చేయగల పనులున్నాయి. పురపాలక సంఘంలోని మెప్మా కార్యాలయానికి వెళ్ళి మన పట్టణంలో నిరాశ్రయుల గృహం సంగతి అడగవచ్చు. ఉంటే పగలు కూడా తెరిచి ఉంచమని కోరవచ్చు, లేకుంటే కావాలని అర్జీ పెట్టవచ్చు. దిక్కులేని వృద్ధులు కనిపిస్తే 14567కు, ఒంటరి పిల్లలు కనిపిస్తే 1098కి ఫోను చేయవచ్చు. కన్నవారిని ఎక్కడో వదిలివేసి వచ్చేవారికి 2007 చట్టం మూడు నెలల వరకు జైలు శిక్ష నిర్ణయించిందని మన వాడలలో చెప్పవచ్చు. ఆ శిక్షకంటే ముందు అల్లాహ్ వద్ద ప్రశ్న ఉన్నదని కూడా చెప్పాలి.

రంజాన్ నెలలో మన గుమ్మాలకు వచ్చే చేతులలో నోట్లు పెట్టి పంపుతున్నాము. వచ్చే రంజాన్‌కు అవే చేతులు మళ్ళీ వస్తున్నాయి. మదరసాలో పిల్లలకు జకాత్ అధ్యాయం బోధించే ప్రతిసారీ మమ్మల్ని కలవరపెట్టే విషయం ఇదే. ఈ సంవత్సరం ఒక్కొక్క మొహల్లా ఒక్కొక్క మనిషి భారం వహించి, అతని పేరు, ఊరు, వచ్చిన పని కనుక్కుని, అతడు తన కాళ్ళపై నిలబడేవరకు తోడుండాలని మా మనవి. మరుసటి రంజాన్‌కు ఆ మనిషి తీసుకునేవారి వరుసలో లేకపోతే, మన జకాత్ గమ్యం చేరినట్లే.

నీడ లేనివారికి నీడ అయ్యే భాగ్యాన్ని, ఏ నీడా లేని ఆ రోజున తన నీడను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.