రెండో తుపాకి ఎవరి నుంచి కాపాడుతుంది?

ఆడపిల్ల మీద ఘోరం జరిగిన ప్రతిసారీ మన సమావేశాల్లో ఎవరో ఒకరు లేచి, "ఈ ఉపన్యాసాలన్నీ ఎందుకండీ, ఆడవాళ్ల చేతికి తలా ఒక తుపాకి ఇవ్వండి" అంటారు. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సు ఘటన తర్వాత ఈ మాట విన్నాం. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర జరిగిన ఘోరం తర్వాత మళ్లీ విన్నాం. ఆ మాట వెనక ఉన్న కోపాన్నీ, భయాన్నీ తేలిగ్గా తీసిపారేసే హక్కు మనకు లేదు. అయితే ఆ పని ఇప్పటికే చేసి చూసిన దేశం ఒకటుంది. అమెరికాలో లక్షలాది స్త్రీలు తుపాకి వెంటబెట్టుకుని తిరుగుతున్నారు. ఒకటి సరిపోదు, రెండోది కూడా ఒంటి మీద దాచుకోవాలనే వాదన కూడా అక్కడ ఉంది. వాళ్ల అనుభవం చూశాక మాట్లాడుకోవడం మంచిది.

రెండో తుపాకి పోలీసుల అలవాటు. నడుముకు ఒకటి, చీలమండ దగ్గర ప్యాంటు కింద అయిదు తూటాల చిన్న రివాల్వరు ఇంకొకటి. తుపాకి దాచుకుని తిరిగే మామూలు పౌరుల్లో కొందరు దీన్ని అందిపుచ్చుకున్నారు. వాళ్లు చెప్పే కారణాలు నాలుగు: మొదటిది మొరాయించవచ్చు, తూటాలు అయిపోవచ్చు, కుడిచేతికి గాయం కావచ్చు, పెనుగులాటలో ఎదుటివాడు దాన్ని లాక్కోవచ్చు. ఇంటి బయట ఆత్మరక్షణకు తుపాకి వెంట ఉంచుకోవడం రాజ్యాంగ హక్కేనని 2022లో బ్రూయెన్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సగానికి పైగా రాష్ట్రాల్లో ఇందుకు అనుమతి పత్రం కూడా అక్కర్లేదు. కంపెనీలకు స్త్రీల భయం ఏనాడో మార్కెట్టుగా కనబడింది. స్మిత్ అండ్ వెసన్ 1989లోనే 'లేడీస్మిత్' పేరుతో స్త్రీల కోసమంటూ రివాల్వరు అమ్మింది. తుపాకి పెట్టుకోవడానికి ప్రత్యేకంగా అర కుట్టిన హ్యాండుబ్యాగులూ వచ్చాయి.

ఆ నాలుగు కారణాల్లో చివరిదాన్ని గమనించండి. మొదటి తుపాకి ఎదుటివాడి చేతికి పోవచ్చని, దాన్ని సమర్థించేవాళ్లే ఒప్పుకుంటున్నారు. దానికి వాళ్లు చెప్పే విరుగుడు ఇంకో తుపాకి. ఈ లెక్కంతా ఒక ఊహ మీద నిలబడింది. దాడి చేసేవాడు బయటివాడు, చీకట్లో ఎదురయ్యేవాడు, మన దగ్గర ఏముందో తెలియనివాడు అన్నదే ఆ ఊహ. కాని స్త్రీల సహాయ కేంద్రాల్లో పనిచేసే మనందరికీ తెలుసు, అక్కడికి వచ్చేవాళ్లు ఎక్కువగా ఎవరి గురించి చెప్పుకుంటారో. భర్త, విడిపోయిన భర్త, ప్రేమించానని వెంటపడ్డవాడు, మామ, మరిది. ఇలాంటివాళ్లకు ఆమె హ్యాండుబ్యాగు ఏ మేకుకు తగిలించి ఉంటుందో తెలుసు, ఏ వేళకు నిద్రపోతుందో తెలుసు. వీధిలో ఎవరికీ కనబడని తుపాకి ఇంట్లోవాడికి కనబడకుండా పోదు.

జాక్వెలిన్ క్యాంప్‌బెల్, ఆమె సహపరిశోధకులు అమెరికాలోని 11 నగరాల్లో చేసిన అధ్యయనం 2003లో వెలువడింది. హింసించే భాగస్వామికి తుపాకి అందుబాటులో ఉంటే స్త్రీ హత్యకు గురయ్యే ప్రమాదం అయిదు రెట్లు పెరుగుతుందని అది తేల్చింది. తుపాకి ఎవరి పేరున ఇంటికి వచ్చినా, ఆ ఇంట్లో పెత్తనం ఎవరిదో చివరికి వాళ్ల చేతికే పోతుందని నా భయం.

సరే, స్త్రీయే దాన్ని వాడిందనుకుందాం. అప్పుడు చట్టం ఆమెను ఎలా చూసింది? ఫ్లోరిడాలో మరిస్సా అలెగ్జాండర్ అనే నల్లజాతి స్త్రీ, తనను హింసించిన భర్తను హెచ్చరించడానికి 2010లో ఒక్క తూటా పేల్చింది. ఎవరికీ గాయం కాలేదు. 2012లో ఆమెకు 20 ఏళ్ల జైలుశిక్ష పడింది. పైకోర్టు 2013లో ఆ శిక్ష రద్దు చేసి మళ్లీ విచారించమంది. చివరకు నేరం ఒప్పుకుని, మూడేళ్ల శిక్షకు రాజీపడి, 2015లో జైలు నుంచి బయటికొచ్చి గృహనిర్బంధంలోకి వెళ్లింది. అదే ఫ్లోరిడాలో 2012లో నిరాయుధుడైన 17 ఏళ్ల నల్లజాతి కుర్రవాణ్ని, ట్రేవాన్ మార్టిన్‌ను, కాల్చి చంపిన జార్జ్ జిమ్మర్‌మన్ ఆత్మరక్షణ అని చెప్పి 2013లో నిర్దోషిగా విడుదలయ్యాడు. ఆత్మరక్షణ హక్కు పుస్తకంలో అందరికీ ఒకటే. కోర్టులో అది ఎవరికి దక్కుతుందన్నది వేరే సంగతి.

అయినా తుపాకి కొనుక్కున్న ఆ స్త్రీలను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. 1999లో కొలరాడోలోని క్యాజిల్ రాక్‌లో, కోర్టు నిషేధ ఉత్తర్వు ఉన్న తండ్రి తన ముగ్గురు కూతుళ్లను తీసుకుపోయాడు. తల్లి పోలీసులకు పదే పదే ఫోన్ చేసింది. వాళ్లు కదల్లేదు. పిల్లలు ముగ్గురూ శవాలై దొరికారు. ఆ ఉత్తర్వును పోలీసులచేత అమలు చేయించుకునే రాజ్యాంగ హక్కు ఆ తల్లికి లేదని 2005లో సుప్రీంకోర్టు తేల్చింది. రాజ్యం ఇలా చేతులు దులుపుకున్న చోట స్త్రీ తుపాకి కోసం వెతుక్కోవడంలో వింత లేదు. మన తగాదా ఆమెతో కాదు, ఆమెను అక్కడిదాకా నెట్టినవాళ్లతో.

అందుకే అక్కడి స్త్రీల ఉద్యమం సాధించిన ఇంకో రకం విజయాలను మనం గుర్తుంచుకోవాలి. గృహహింస నేరం రుజువైనవాడు తుపాకి కలిగి ఉండకూడదని 1996లో చట్టం వచ్చింది. గృహహింస కారణంగా కోర్టు నిషేధ ఉత్తర్వు ఉన్నవాడి నుంచి తుపాకి దూరం చేయడం రాజ్యాంగబద్ధమేనని 2024లో రహీమీ కేసులో సుప్రీంకోర్టు 8-1 మెజారిటీతో చెప్పింది. ఆమె సంచిలో రెండో తుపాకి పెట్టడం కంటే అతని చేతిలోని మొదటి తుపాకి తీసేయడం మేలని దీని సారాంశం.

ఇక మన సంగతికి వద్దాం. 2014 జనవరిలో కాన్పూరు ఆయుధ కర్మాగారం 'నిర్భీక్' అనే తేలికపాటి రివాల్వరును స్త్రీల కోసమంటూ విడుదల చేసింది. బరువు 500 గ్రాములు, ధర రూ. 1,22,360. ఏ కూలి తల్లి, ఏ అంగన్‌వాడీ కార్యకర్త దాన్ని కొనగలదు? మన ఆయుధాల చట్టం 2019 దాకా ఒక మనిషికి మూడు తుపాకులు అనుమతించింది. ఆ ఏడాది సవరణ బిల్లు ఒక్కదానికే పరిమితం చేయబోయింది, వ్యతిరేకత రాగానే రెండని సర్దుకున్నారు.

మన ప్రమాదం ఎక్కడుందో ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. 2022లో దేశంలో స్త్రీలపై నేరాల కేసులు 4,45,256 నమోదైతే, వాటిలో 31.4 శాతం భర్త, అతని బంధువుల క్రూరత్వం కిందివే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో వివాహిత స్త్రీలలో తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం భర్త చేతిలో హింస అనుభవించామన్నారు. వీళ్లు ఎవరి మీద తుపాకి దాచుకోవాలి? ఎక్కడ దాచుకోవాలి?

ఆత్మరక్షణ హక్కును నేను వదులుకోమనడం లేదు. అత్యాచారం చేయబోయేవాణ్ని, ఆమ్లం పోయబోయేవాణ్ని అవసరమైతే ప్రాణం పోయేలా అయినా ఎదుర్కోవచ్చని భారతీయ న్యాయ సంహిత 38వ సెక్షను చెబుతోంది. అందుకు లైసెన్సు అక్కర్లేదు. చేతికందిన రోకలీ, గుప్పెడు కారమూ చాలు. ఈ సంగతి ప్రతి బస్తీలో, ప్రతి హాస్టల్లో చెప్పాలి.

దాంతోపాటు మనం చేయగల పని ఇంకొకటుంది. గృహహింస ఫిర్యాదు రాసుకునేటప్పుడు "ఇంట్లో ఆయుధం ఉందా?" అన్న ప్రశ్న తప్పకుండా అడుగుదాం. ఉంటే, దాన్ని స్వాధీనం చేసుకోమని ఉత్తర్వు ఇవ్వాలని మేజిస్ట్రేటును కోరదాం. అందులో రక్షణాధికారి సాయపడే వీలు 2006 నిబంధనల్లో ఉంది. ప్రజల భద్రత కోసం లైసెన్సు నిలిపివేసే, రద్దుచేసే అధికారం ఆయుధాల చట్టం 17వ సెక్షను కింద లైసెన్సు ఇచ్చిన అధికారికే ఉంది. భార్యను కొట్టినవాడి లైసెన్సు విషయంలో ఆ అధికారం వాడమని జిల్లా జిల్లాలో దరఖాస్తులు పెడదాం.

ఈసారి సమావేశంలో ఎవరైనా లేచి "తలా ఒక తుపాకి" అంటే, ముందు వాళ్ల మాట పూర్తిగా విందాం. తర్వాత, మీ వీధిలో తుపాకి ఇప్పటికే ఎవరి దగ్గరుందో చెప్పమని అడుగుదాం. దరఖాస్తు అక్కడినుంచే మొదలుపెడదాం.