చేయి వాలినంత మాత్రాన నాడి తెగినట్లు కాదు

"నరం తెగింది, ఈ రాత్రికే ఆపరేషన్ చేయకపోతే చెయ్యి పోతుంది." రెట్ట ఎముక విరిగి, మణికట్టు పైకి లేవని మనిషి బంధువులకు ఈ మాట చెప్పడం నాకు ఎప్పుడూ కోపం తెప్పిస్తుంది. అవనిగడ్డ నుండో గుడివాడ నుండో విజయవాడ బస్టాండులో దిగిన కుటుంబం అది విన్నాక ఇంకేమీ అడగదు. అప్పు చేసి సంతకం పెడుతుంది.

రెట్ట ఎముకను భుజాస్థి అంటాము. దాని వెనుక భాగాన్ని చుట్టుకొని రేడియల్ నాడి క్రిందికి దిగుతుంది. మణికట్టును, వ్రేళ్ళను పైకెత్తే కండరాలు ఆ నాడి అధీనంలో ఉంటాయి. ఎముకను అంటిపెట్టుకొని ఉన్నందువలన, కాలువగట్టు మీద మోటారు సైకిలు జారిపడినా, తాటిచెట్టు మీదినుండి గీత కార్మికుడు పడినా, ఎముకతోపాటు నాడి నలుగుతుంది, సాగుతుంది. చర్మం చీలని విరుపులలో అది పూర్తిగా తెగడం తక్కువ. 2005లో వెలువడిన ఒక సమీక్షలో 4517 భుజాస్థి విరుపులను పరిశీలించగా 532 మందిలో ఈ నాడి దెబ్బతిన్నది. ఆ సమీక్షలో మొత్తంమీద నాడి దెబ్బతిన్నవారిలో నూటికి 88 మంది కోలుకున్నారు. మొదటనే నాడిని తెరచి చూసినవారికీ, వేచి చూసినవారికీ తుది ఫలితంలో చెప్పుకోదగిన తేడా లేదు.

శస్త్రచికిత్స వద్దని నేననడం లేదు. ఎముక చర్మాన్ని చీల్చుకొని బయటికి వచ్చినా, కత్తివేటు పడినా, రక్తనాళం దెబ్బతిన్నా జాప్యం చేయరాదు. ఎముక సరిగా కుదరకపోతే ప్లేటు వేయవలసిందే. అయితే, ఎముక కోసమని చెప్పి వేయండి. నాడి పేరు చెప్పి భయపెట్టకండి.

వేచి చూడడమంటే చేతులు ముడుచుకొని కూర్చోవడం కాదు. మణికట్టును పైకెత్తి ఉంచే బద్ద కట్టాలి. వ్రేళ్ళు బిగుసుకోకుండా రెండవ చేతితో రోజూ కదిలించాలి. కండరాల విద్యుత్ పరీక్ష మూడు వారాలలోపు చేయిస్తే ప్రయోజనం స్వల్పం. నాడి రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. కనుక మణికట్టు కొద్దిగా లేవడానికి మూడు, నాలుగు నెలలు పట్టవచ్చు. వ్రేళ్ళు ఆ తరువాతనే. అప్పటికీ ఏ కదలికా లేకపోతే నాడిని తెరచి చూసి, అవసరమైతే అతకాలి. ఏడాది దాటనిస్తే కండరం క్షీణిస్తుంది. అప్పుడైనా, ముంజేతి ముందువైపు స్నాయువులను వెనుకకు మళ్ళించి మణికట్టును లేపే మార్గం ఉన్నది.

ఇక నాటుకట్టు సంగతి. నాడి దెబ్బతిన్నదో లేదో చూడకుండా బిగించి కట్టి, నూనెతో మర్దన చేసి, నెలలు గడిచాక బిగుసుకుపోయిన వ్రేళ్ళతో పంపించడం మరొక అన్యాయం. అక్కడ భయం ఉండదు, పరీక్షా ఉండదు. ఎముక అతికితే చాలనుకుంటారు. ఆ చేత్తో కొడవలి పట్టేదెలా?

పాఠకులు ఒక్క పని చేయాలి. కట్టు కట్టకముందు, ఆపరేషన్‌కు ముందు, "మణికట్టు, వ్రేళ్ళు పైకి లేస్తున్నవా?" అని వైద్యునితో పరీక్షింపజేసి, ఆ మాట కేసు షీటులో వ్రాయించుకోవాలి. అది లేకపోతే, తరువాత చేయి వాలినప్పుడు నాడిని దెబ్బతీసింది ప్రమాదమా, ప్లేటా, కట్టా అన్నది ఎవరూ తేల్చలేరు.