నూటపదహారుకు ఒకటి కలిపిన కథ

ఆదివారము ఉదయము ఆబిడ్సులో దుకాణములు పెక్కు మూసియుండును. ఆ మూసిన తలుపుల ముందర, కాలిబాట పొడవునను, పాతపుస్తకముల వర్తకులు తమ సరకు పరచుకొని కూర్చుందురు. నాంపల్లిలో కాపురముండు నాబోటివానికి ఆ కాలిబాటయే గ్రంథాలయము. మొన్నటి ఆదివారము నా విద్యార్థి యొకడు తోడు వచ్చెను. షాడో నవలల గుట్టక్రింద, అట్ట చినిగిన నిఘంటువు ప్రక్కన, నాకొక సినిమా పాటలపుస్తకము దొరకినది. ‘గూఢచారి 116’. మడతలలో చిరిగిన నాలుగు కాగితములు. వర్తకుడు ఇరువది రూపాయలనెను. బేరమాడక ఇచ్చితిని.

“సార్, దీని పేరుమీద తర్వాత ఇంకోటి తీశారట కదా? వయసైపోయిన హీరో, డబ్బు లేని సినిమా, పాత పేరు అమ్ముకునే సీక్వెల్. చూడక్కర్లేదని ఎవరో చెప్పారు” అనెను మా వాడు.

“నువ్వు చూశావా?” అని అడిగితిని.

“లేదు సార్. కానీ నా వ్యాసంలో రాశాను.”

ఆ వ్యాసము కళాశాల సంచిక కొఱకు వ్రాసినది. దాని శీర్షిక ‘ముసలి వీరులు’. దానిని అచ్చునకు పంపవలెనో వద్దో తేల్చవలసినవాడను నేనే. కావున ఈ వారమంతయు నేనా మూడు నిందలను గూర్చి ఆలోచించుచుంటిని: పెట్టుబడి తక్కువ, కథానాయకుని వయస్సు ఎక్కువ, కథ పాతదానికి తోక. ఇవి నిజముగా దోషములేనా?

ముందుగా విషయము చెప్పవలెను. సుందర్‌లాల్ నహతా, డూండీ నిర్మింపగా, మల్లికార్జునరావు దర్శకత్వమున ‘గూఢచారి 116’ 1966లో వెలువడినది. కథానాయకుడు కృష్ణ. 1943లో జన్మించిన ఆయనకు అప్పటికి ఇరువదిమూడేండ్లు. అంతకు ముందటి సంవత్సరమే ‘తేనెమనసులు’తో నాయకుడైన కుర్రవాడు ఈ చిత్రముతో సాహసవీరుడని పేరొందెను. ఇది మరుసటి యేడు హిందీలో ‘ఫర్జ్’గా మారి జితేంద్రకు యోగము పట్టించినది. అటుపిమ్మట 1989లో కోడి రామకృష్ణ దర్శకత్వమున ‘గూఢచారి 117’ వచ్చినది. కథానాయకుడు కృష్ణయే. అప్పటికి ఆయనకు నలువదియారేండ్లు. లెక్క చూడుడు: బిరుదులోని సంఖ్య ఒకటి పెరిగినది, మనిషి వయస్సు సరిగా రెండింతలైనది. నేను చెప్పదలచినదంతయు ఈ లెక్కలోనే యున్నది.

ఆ నూటపదహారు మన తెలుగువారి సంఖ్య. పెండ్లిలోనైనను, పండితసత్కారములోనైనను నూటపదహార్లు సమర్పించుట మన మర్యాద. నైజాము హాలీ సిక్కా ఏడు రూపాయలు ఆరు ఇంగ్లీషు రూపాయలకు సమానము గనుక, నూరు ఇంగ్లీషు రూపాయలకు మారకము నూటపదహారు పైచిల్లర అయ్యెననియు, ఆ మర్యాద అందుండియే పుట్టెననియు ఒక వాదము కలదు. ఈ హైదరాబాదులో కూర్చుండి ఆ వాదమును వినుట నాకిష్టము. ఫ్రెంచివారికి జాన్ బ్రూస్ 1949 నుండి వ్రాసిన నవలలలో 117 అను సంఖ్యగల గూఢచారి కలడు. మనవాడు ఒకటి తగ్గించుకొని మన సంభావన సంఖ్యను ధరించెను. సంభావన ముగిసిన తరువాత మరియొక రూపాయి చేర్చినచో అది దేనికని అడుగవలసియుండును. ఉత్తరభాగము ఏదైనను ఈ ప్రశ్నకు బదులు చెప్పవలసినదే.

ఇక మొదటి నింద పెట్టుబడిని గూర్చినది. కళకు ధనము తక్కువగుట దోషమైనచో మన వీథినాటకములన్నియు దోషభూయిష్ఠములే కావలెను. 1885లో కడపమండలపు సురభి గ్రామమున మొదలైన నాటకకుటుంబములవారు తెరలతోను, త్రాళ్ళతోను, దీపములతోను మాయాబజారును ఆకాశమున ఎగురవేసిరి. మా నాంపల్లి పబ్లిక్ గార్డెన్సులో నేనది పలుమారులు చూచితిని. త్రాడు కంటికి కనబడుచునేయున్నది. ఐనను ఘటోత్కచుడు ఎగిరెను. సినిమాకును ఇదియే న్యాయము. ‘గూఢచారి 116’కు ఛాయాగ్రహణము చేసిన రవికాంత్ నగాయిచ్ అంతకుముందు ‘సీతారామకల్యాణము’ (1961)లో రావణుని పదితలలను కెమేరా చమత్కారముతోనే చూపిన నేర్పరి. ధనము చాలనిచోట బుద్ధి పనిచేసినది. కావున విమర్శకుడు అడుగవలసినది ఎంత వ్యయమైనదని కాదు. లేనిదానిని ఉన్నట్లు నమ్మించుటకై చిత్రము తీసినవారు తమ తలను శ్రమపెట్టిరా లేదా యని. పేదరికము క్షమింపదగినది. అశ్రద్ధ క్షమింపదగినది కాదు. రెంటిని కలిపి ‘చౌకబారు’ అను ఒక్క మాటతో కొట్టివేయుట మా విద్యార్థి చేసిన మొదటి పొరపాటు.

రెండవది ఉత్తరభాగమను నింద. మన సాహిత్యమున ఉత్తరకథలకు గౌరవమే కాని లాఘవము లేదు. నన్నయ విడిచిన అరణ్యపర్వశేషమును పూరించినప్పుడు ఎఱ్ఱన తన ప్రభువు పేర కాక నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రుని పేరనే దానిని ముగించెను. పూర్వునిపట్ల చూపవలసిన వినయమునకు ఇంతకంటె ఉదాహరణము లేదు. ఉత్తరకథలో మేటి భవభూతి. ‘మహావీరచరితము’లో యౌవనవీరుడైన రాముని చూపినవాడే ‘ఉత్తరరామచరితము’ను వ్రాసెను. దాని మొదటి అంకముననే గతమును చిత్రపటములలో చూపించెను. పండ్రెండేండ్లు గడచిన పిమ్మట రాముని మరల పంచవటికి తెచ్చెను. ఒకనాడు నవ్విన చెట్లక్రిందనే ఆయనచేత కన్నీరు కార్పించెను. అంతకంటె గొప్పపని మరొకటి చేసెను. ఆ నాటకములో యుద్ధము లేకపోలేదు, కలదు. కాని ఆ యుద్ధము చేయువారు లవుడును, చంద్రకేతుడును. తండ్రి వచ్చి దానిని ఆపును. రావణుని జయించినవానికి మరియొక రావణుని తెచ్చి యిచ్చుట భవభూతికి చేతకాక కాదు. కాలము గడచినదని అతడు మరువలేదు. ఉత్తరభాగమునకు పెట్టుబడి గడచిన కాలమే. అది రూపాయలతో కొనరానిది, పూర్వభాగమునకు లేనిది.

ఇక మూడవది, వయస్సు. ఇచ్చట ఒక ఆక్షేపమున్నది. దానిని దాటి పోరాదు. “రంగస్థలముపై అరువదియేండ్ల నటుడు యువకుడైన శ్రీకృష్ణుడుగా వచ్చి పద్యమెత్తుకొన్నచో మీరు చప్పట్లు కొట్టుదురు గదా! స్థానం నరసింహారావుగారు పురుషులై యుండియు సత్యభామగా నిలిచినప్పుడు మీ తాతలు మురిసిరి గదా! తెరమీది వీరుని వయస్సుమాత్రము ఎందులకు లెక్కింతురు?” ఇది బలమైన ప్రశ్న. భరతముని చెప్పిన లోకధర్మి, నాట్యధర్మి అను విభాగము దీనికి సమాధానము. పద్యనాటకము నాట్యధర్మి. అచ్చట పద్యము, వేషము, దూరము మూడును కలసి ప్రేక్షకునితో ఒక ఒడంబడిక చేసికొన్నవి. సాహసచిత్రము తుపాకిని నిజమైన తుపాకిగా, గాయమును నిజమైన గాయముగా నమ్ముమనును. కెమేరా ముఖమును జానెడు దూరమునకు తెచ్చును. ఇట్టి లోకధర్మిని తానే కోరుకొన్న చిత్రము, నాయకుని శరీరము దగ్గరకు వచ్చుసరికి నాట్యధర్మిని శరణువేడుట న్యాయము కాదు. క్షేమేంద్రుడు ఔచిత్యమనినది దీనినే. నడుమున ధరింపవలసినది మెడలో వేసికొన్నచో నగ విలువైనదైనను నవ్వు వచ్చును.

కావున వయస్సు దోషము కాదు, వయస్సును దాచుట దోషము. ఇందుకు లోకములో సాక్ష్యములున్నవి. 1962లో జేమ్స్ బాండ్‌గా వెలసిన షాన్ కానరీ 1983లో, ఏబదిమూడేండ్ల వయస్సున, మరల ఆ వేషము కట్టెను. ఆ చిత్రములో అధికారులే ఆయన శరీరము సడలినదని ఆరోగ్యశాలకు పంపుదురు. ఆ హాస్యముతో ప్రేక్షకుడు చిత్రముపక్షము చేరిపోవును. మన తెలుగులో ‘దృశ్యం 2’ (2021) పోరాటచిత్రము కాకపోయినను ఈ విషయమున ఆదర్శము. మొదటి భాగమునకు పిమ్మట ఆరేండ్లు గడచినట్లు కథ చెప్పును. అరువదియేండ్ల వెంకటేశ్ ఆ ఆరేండ్ల భయమును ముఖమున మోయును. భారీసెట్టింగులు లేవు, ఆయుధములు లేవు. కాలమే అందలి ఆయుధము. దీనికి విరుద్ధముగా ‘భారతీయుడు 2’ (2024)కు ధనమునకు కొదువలేదు. కాని కథాలెక్క ప్రకారము నూరేండ్లు దాటిన సేనాపతి మర్మవిద్యతో యువకులను పడగొట్టుచుండగా, ఆ ధనమంతయు ఔచిత్యదోషమును కప్పలేకపోయినది.

ఈ కొలతతోనే ‘గూఢచారి 117’ను కొలువవలెను. అది గొప్పచిత్రమని నేననను. పూర్వచిత్రమునుండి పేరును, సంఖ్యను తెచ్చుకొన్నది కాని నడుమనున్న ఇరువదిమూడేండ్లను తెచ్చుకొనలేదు. తన చేతిలోనున్న పెట్టుబడిని తానే గుర్తింపలేదు. ఇది నా తీర్పు. ఈ తీర్పులో పెట్టుబడి ప్రసక్తి లేదు, ఆయన వయస్సుపై నింద లేదు.

ఐనను తీర్పు ఇచ్చినంతనే నా మనస్సు తేలికపడుటలేదు. 1989లో నేను డిగ్రీ విద్యార్థిని. ఆ చిత్రమునకు నన్ను ఆబిడ్సులోని ఒక సినిమాహాలుకు తీసికొనిపోయినవాడు మా నాయన. రైల్వేలో గుమాస్తా. మొదటి ‘గూఢచారి’ని ఆయన పెండ్లికి ముందు చూచెను. ఆయన వయస్సును, కృష్ణ వయస్సును ఒకటే. విశ్వనాథను చదువుట అప్పుడే మొదలుపెట్టిన గర్వముతో నేను హాలులో పెదవి విరుచుచుంటిని. తెరమీద ఆయన పరుగెత్తుచుండగా మా నాయన నా చెవిలో మెల్లగా అనెను: “ఆయన ఉరుకుతుంటె నా మోకాళ్లు నొస్తున్నయిరా బిడ్డా.” నేను నవ్వితిని. ఆయనకూడ నవ్వెను గాని చూపు తెరమీదనుండి తిప్పలేదు.

ఆ చిత్రములో కృష్ణతోపాటు ఆయన కుమారుడు మహేశ్ కూడ నటించెను. పదుమూడు, పదునాలుగేండ్ల బాలుడు. ఆ బాలుడు కనబడినప్పుడు హాలంతయు కేకలు వేసినది. మా నాయనయు వేసెను. అప్పుడు నాకది అభిమానుల వెర్రిగా తోచినది. ఇప్పుడు తోచుచున్నది: చిత్రము తీసినవారు మరచిన ఉత్తరభాగము ఆ హాలులోనివారికి తెలిసినది. తండ్రి ప్రక్కన కొడుకు నిలిచినాడు, కాలము గడచినది, ఐనను ఇంకను గడచిపోలేదు. లవుని చూచి రాముడు చలించిన ఘట్టమును తరగతిలో ముప్పదియేండ్లుగా పాఠము చెప్పుచున్న నాకు, మా నాయన కేకలో అది వినబడలేదు. ఆ మోకాళ్ళ మాట ఆ చిత్రమును గూర్చి నేను విన్న విమర్శలన్నిటిలో సరియైనది. అందులో నాయకుని యెడ నింద లేదు. ఆయనతోపాటు తానును ముసలివాడగుచున్నానను గుర్తింపుమాత్రమే కలదు. ఆ మాటను కథారచయిత ఒక్కడు చిత్రములో పలికించియుండినచో, ఆ చిత్రము మఱియొకటియై యుండెడిది.

2022 నవంబరు 15న కృష్ణ కన్నుమూసిరి. మా నాయన అంతకుముందే పోయెను. నాటి బాలునికి 2025లో ఏబదియేండ్లు నిండినవి. నాకును ఏబదియైదు దాటినవి. నాంపల్లి స్టేషను మెట్లు ఎక్కునప్పుడు నా మోకాళ్ళును ఆ మాటనే అనుచున్నవి. ఇక నేడు మన తెరను ఏలుచున్న నాయకులలో పలువురు ఏబదులు, అరువదులు దాటినవారే. వారికొఱకు ఉత్తరభాగములు వ్రాయబడుచునేయుండును. వారిని ‘ముసలి వీరులు’ అని వెక్కిరించుట సులభము. వారి వయస్సుకు తగిన కథలు కావలెనని రచయితలను నిలదీయుట కష్టము. విమర్శకుని పని రెండవది.

మా విద్యార్థి వ్యాసమును నేను తిరిగి ఇచ్చితిని. కొట్టివేయలేదు. మూడు ప్రశ్నలు అంచున వ్రాసితిని: కొంచెపు ధనముతో బుద్ధిని ఏమాత్రము వాడుకొన్నారు? గడచిన కాలముతో ఏమి చేసిరి? నాయకుని దేహముపట్ల నిజాయతి చూపిరా? క్రింద ఇంకొకటి చేర్చితిని: ‘చిత్రమును ముందు చూడుము, వీలైనచో మీ నాయనగారితో కలసి చూడుము.’

నిన్న వాడు వచ్చి, “సార్, మా నాన్న వస్తానన్నారు. శీర్షిక మార్చుకోవచ్చా?” అని అడిగెను. మార్చుకొమ్మంటిని. పాటలపుస్తకమును వానికే ఇచ్చితిని.