తాళానికీ కులముంది

1917లో బాబాసాహెబ్ అంబేద్కర్ అమెరికాలో, లండన్‌లో చదివొచ్చి బరోడా సంస్థానం కొలువులో చేరినారు. ఊళ్లో ఇల్లు దొరకలే. ఒక పార్సీ సత్రం మేడమీద తలదాచుకున్నారు. సత్రమంతా ఖాళీ, ఉండింది ఆయనొక్కరే. అయినా పదకొండో నాడు కర్రలతో వచ్చి వెళ్లగొట్టినారు. కొలువొదిలి బొంబాయి రైలెక్కినారు. ఊళ్లో ఇళ్లు లేక కాదు, ఇచ్చేవాళ్లు లేక.

నూరేళ్లు దాటింది. మేనకూరు ఫ్యాక్టరీల్లో పనికి మన పిల్లోళ్లు నాయుడుపేటకు వస్తా ఉండారు. అద్దె బోర్డు చూసి తలుపు కొడితే మొదట అడిగేది అడ్వాన్సు కాదు, "మీరేమిటోళ్లు?" అని. చెప్పామా, ఆ ఇల్లు "నిన్ననే ఎవురికో ఇచ్చేసినాం". నెల తర్వాత పోయి చూసినా అదే బోర్డు, అదే తాళం!

2011 జనాభా లెక్కల్లో దేశంలోని పట్టణాల్లో ఖాళీ ఇళ్లు కోటీ 10 లక్షల పైమాటే. మరుసటేడు కేంద్రం వేసిన నిపుణుల బృందం పట్టణాలకు సుమారు కోటీ 88 లక్షల ఇళ్లు తక్కువని తేల్చింది. ఇక కట్టడమొక్కటే మందా?

మన మునిసిపల్ చట్టం చూడండి. ఇల్లు ఖాళీగా ఉందని అర్జీ పెట్టుకుంటే పన్నులో సగం దాకా తగ్గిస్తాది. తాళమేసినోడికి ఇనామన్నమాట! కెనడాలోని వాంకూవర్ నగరం 2017 నుంచి ఖాళీ ఇంటిమీద అదనపు పన్నేసి, ఆ డబ్బును పేదల ఇళ్లకు మళ్లిస్తా ఉంది.

"మా కష్టార్జితం, మా ఇష్టం" అంటారు. ఇల్లు మీదే, కాదనం. ఇంటిముందు రోడ్డు, కుళాయి, దీపం ఊరందరివి. మీ మురుక్కాలవ ఎత్తేది మావోళ్లు. నీడ కూడా బతికే హక్కులో భాగమేనని 1995లో సుప్రీంకోర్టు చమేలీసింగ్ కేసులో చెప్పింది. అది దళితుల ఇళ్లకు భూమి తీసుకున్న కేసే.

మేమడిగేది మూడే. ఏడాదికి మించి తాళమేసిన ఇంటికి పన్ను రాయితీ ఆపాలి. కట్టి ఖాళీగా పెట్టిన సర్కారు ఇళ్లు ముందు తెరవాలి. కూలిపోతా ఉన్న ఇళ్లను మునిసిపాలిటీ బాగుచేయించి, ఖర్చు రాబట్టే దాకా తానే అద్దెకివ్వాలి. వరస ప్రకారం ఇవ్వాలి, కులం అడక్కూడదు.

అన్నల్లారా, అక్కల్లారా! వచ్చే సంచికలోపు మీ వార్డులో తాళాలు లెక్కబెట్టి మాకు రాయండి. ఆ లెక్క పట్టుకొని కౌన్సిల్ ముందు కూచుందాం.

జై భీమ్!